వాసంతి గది తాళంచెవి

బొద్దింకను చూసి కేకలు పెట్టే ఆడవాళ్లుంటారని వాసంతి వినడమే గానీ ఎప్పుడూ నమ్మలేదు. కృష్ణానది అవతల తెలంగాణలోని మిర్యాలగూడలో ఏళ్ల తరబడి బియ్యం మిల్లుల్లోనూ గోడౌన్లలోనూ పురుగుల మందు పెట్టిన మనిషి ఆమె. అక్కడి లైసెన్సు ఆమె పేరునే ఉండేది. భర్త అంకారావు వ్యాను నడిపేవాడు. ఓనరెవరని ఎవరన్నా అడిగితే ఆమెను చూపించేవాడు.

సొంతూరు నరసరావుపేటలో తన పేరుతో బోర్డు పెట్టుకోవాలని వాసంతికి ఎన్నాళ్లనుంచో కోరిక. గ్యాస్ కనెక్షన్ మార్చుకున్నంత తేలిగ్గా లైసెన్సూ మారుతుందనుకుని, అక్కడిది వదులుకుని సామానుతో వచ్చేసింది. వ్యవసాయ శాఖ ఆఫీసుకు వెళ్తే గానీ అసలు సంగతి తెలియలేదు. ఆ రాష్ట్రం లైసెన్సు ఇక్కడ చెల్లదు. కొత్తది తీసుకోవాలి, మందులు దాచే గదిని ఆఫీసరు వచ్చి చూడాలి. ఇప్పుడు ఆమెకు అక్కడా లేదు, ఇక్కడా లేదు. పప్పుల మిల్లు త్రికోటేశ్వరరావేమో, కొత్త కందులు వచ్చేలోగా లైసెన్సు చూపిస్తే ఏడాది పనంతా నీకే, లేదంటే గుంటూరు వాళ్లకే అని తేల్చేశాడు.

వాసంతి ఇంటి వెనక గది కట్టించింది. నున్నటి గచ్చు, ఇనుప షట్టరు. ఆ వీధిలో కొత్త తాళం కొంటే రెండో చెవి పక్కింట్లో ఇచ్చి ఉంచడం మర్యాద. వాసంతి కూడా ఏమీ ఆలోచించకుండా పక్కింటి రంగనాయకమ్మ చేతిలో పెట్టింది. అక్కడే కొంప మునిగింది.

ఆఫీసరు సాదిక్ వచ్చి షట్టరు ఎత్తించేసరికి గది నిండా టిక్కీలు, ఎండుమిర్చి కుక్కిన గోతాలు. పొద్దున్నే మబ్బు పట్టిందని రంగనాయకమ్మ వాకిట్లో ఉన్న తన సరుకంతా అందులోకి చేర్పించింది.

"గది ఖాళీగానే ఉందిగా అయ్యా. మా వాసంతి ఏమీ అనుకోదు," అంది ఆవిడ, సాయం చేస్తున్నాననుకుని.

సాదిక్ కోప్పడలేదు. వాసంతికి అందుకే ఇంకా భయమేసింది.

"విషం ఉంచే గది తాళం పక్కింట్లో ఉంటే ఎట్టాగమ్మా? మళ్లీ వస్తాను, చెప్పి మాత్రం రాను," అని బండెక్కాడు.

ఆ సాయంత్రం వాసంతి పక్కింటి అరుగు మీద కూర్చుంది. ఇచ్చిన చెవి వెనక్కి అడగడమంటే ఆ వీధిలో మాటలు మానుకోవడమే. చివరికి ఎట్లాగో నోరు తెరిచింది.

"పిన్నీ, చెవి ఇచ్చెయ్యి."

"ఏందే, నేను దొంగనా?"

"కాదు పిన్నీ. అందులో పెట్టేది మనుషుల్ని చంపే మందు. నీ మనవరాలు ఆడుకుంటా లోపలికి పోతే నేను బతకగలనా?"

రంగనాయకమ్మ చెవి తెచ్చి అరుగు మీద విసిరింది. ఆ రోజు నుంచి పలకరింపుల్లేవు.

కొన్నాళ్లకు మధ్యాహ్నం పూట హఠాత్తుగా వాన ఎత్తుకుంది. రంగనాయకమ్మ కోపం దిగమింగుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఏమే, ఆ షట్టరు తియ్యవే. నా మిరపకాయంతా తడుస్తంది."

వాసంతికి ప్రాణం ఉసూరుమంది. పొడిగా ఉన్న గది కళ్లముందే ఉంది.

"అది తియ్యను పిన్నీ. మా ఇంట్లోకి తీసుకురా."

వాసంతీ అంకారావూ కలిసి టిక్కీలు మోశారు. హాలు నిండింది, వంటిల్లు నిండింది, మిగిలినవి మంచమెక్కాయి. సరిగ్గా అప్పుడే సాదిక్ తడుస్తూ వచ్చి మిర్చి ఘాటుకు గుమ్మంలోనే తుమ్మడం మొదలుపెట్టాడు. వెనక గది తీయించి చూస్తే ఖాళీ గచ్చు తప్ప ఏమీ లేదు.

"ఇవి అందులో పెట్టలేదేం?" అన్నాడు.

వాసంతి కంటే ముందే రంగనాయకమ్మ అందుకుంది. "ఇస్తేగా అయ్యా. కాళ్లావేళ్లా పడ్డా తియ్యలా. ఇంత మొండిదాన్ని ఎక్కడా చూళ్లా."

అది చాడీ అనుకుంది ఆవిడ. సాదిక్ తుమ్ములమధ్యే నవ్వాడు. కొత్త కందులకంటే ముందే లైసెన్సు వచ్చింది, వాసంతి పేరుతో బోర్డూ లేచింది. ఆ బోర్డుకు కొబ్బరికాయ కొట్టింది రంగనాయకమ్మే.

మొదటి పని త్రికోటేశ్వరరావు గోడౌన్లోనే. కందుల బస్తాల మధ్య విషపు గ్యాసు వదిలే మందు మాత్రలు పెట్టి, టార్పాలిన్ కప్పి, తలుపులకు తాళం వేసి వాసంతి చెవి కొంగున ముడేసుకుంది. మర్నాడే ఆయన లారీ తెచ్చి నిలబెట్టాడు.

"ఒక్కసారి తియ్యమ్మా. గోడౌను నాదేగా."

"గోడౌను మీదే బాబాయ్," అంది వాసంతి కొంగు బిగించుకుంటూ. "లోపలి గ్యాసు పూర్తిగా పొయ్యేదాకా చెవి మాత్రం నాది. మా పిన్నికే ఇవ్వలా, మీకిస్తానా?"

లారీ ఖాళీగానే వెనక్కి మళ్లింది.