బావి దగ్గర ఆగిన పేజీ

అవి డెబ్బైల మొదటి సంవత్సరాలు. మద్రాసు పెరంబూరులో రైల్వే గుమాస్తాగా ఉన్న నన్ను సర్వే పని మీద రెండు నెలలు రాజస్థాన్ ఎడారికి పంపారు. చూసిన ప్రతి ఊరి వివరాలూ డైరీలో రాసుకోవడం నా అలవాటు.

తిరిగొచ్చాక జార్జి టౌన్‌లో మేం బట్టలు కొనే మార్వాడీ దుకాణంలో ఒక ఊరి సంగతి చెప్పాను. పేరు వినగానే యజమాని తల్లి లోపలి నుంచి వచ్చింది. అది ఆవిడ పుట్టిన ఊరు. పెళ్ళై మద్రాసు వచ్చిన నలభై ఏళ్ళలో ఇరుగుపొరుగు తెలుగు నేర్చుకుంది కానీ, ఆ ఊరు మళ్ళీ చూడలేదు.

మర్నాడు డైరీ తీసుకెళ్ళాను.

"ఈడ కూచో నాయనా. ఆడ ఏమేముందో అంతా చదువు," అంది.

ఆఫీసు నివేదికలా వరసగా చదివాను. "చుట్టూ ఇసుక దిబ్బలు. పాత ఊళ్ళో నీళ్ళు ఎండిపోతే నాలుగు కుటుంబాలు వచ్చి ఈ ఊరు కట్టాయట. ఇప్పుడు ముప్ఫై ఎనిమిది ఇళ్ళు, రెండు వందల లోపు జనం. బావి ఒకటే. నీళ్ళు కాస్త ఉప్పన."

"మీ మద్రాసు నీళ్ళకన్నా నయంలే," అని నవ్వింది.

నేను ఆగలేదు. "పడమటి చివరి ఇల్లు. గోడ మీద నీలిరంగు ఒంటె బొమ్మ. కప్పు కూలింది. మనుషులు లేరు."

ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"ఆ ఒంటెను గీసింది నేనే, పెళ్ళికి ముందురోజు. తమ్ముడు ఆడే ఉండాడనుకుంటి."

నేను డైరీ మూయబోయాను. ఆవిడ అడ్డుపడి అంది:

"మళ్ళా మొదట్నించి చదువు నాయనా. బావి కాడ ఆపెయ్."

తర్వాత ఎన్నిసార్లు అడిగినా అక్కడిదాకానే చదివాను. ఆవిడ పోయి చాలా ఏళ్ళైంది. చూసిందంతా రాయడం మంచిదే కానీ, అంతా చదవాల్సిన పని లేదని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆ పేజీ తీసినప్పుడు నేనూ బావి దగ్గరే ఆగుతాను.