జవాను సున్నపు డబ్బీ

మందమర్రి గనుల తొవ్వ మలుపులో నిలబడే పోలీసు జవానును తలుచుకుంటే ఆయన సున్నపు డబ్బీయే నాకు గుర్తొస్తుంది. వెనుక మడ్‌గార్డుకు తెల్లరంగు లేని సైకిలును ఆపి, జుర్మానా రాయకుండా, తమలపాకుకు రాసుకునే సున్నాన్నే వేలితో పూసేవాడు. "లారోనికి కనవడాలె గద తమ్మీ" అనేవాడు.

సున్నం సైకిలు రంగును తినేస్తుందని, మా ఆయన ఇంటికి రాగానే నేను రోజూ కడిగేదాన్ని.

ఒకనాటి సందెవేళ ఆయన సొట్టపోయిన మడ్‌గార్డుతో వచ్చాడు. "బొగ్గు లారీ ఎనుకనుంచి మీదికొచ్చింది. తెల్లగ కనవడితే బిరేకు కొట్టిండట. జర తాకి ఆగింది" అన్నాడు. ఒంటిమీద గీత కూడా లేదు.

మర్నాడు జవానుకు మా ఇంటి సున్నం పొట్లం కట్టి పంపాను.

"మీ ఇంటామె కడుగుడు బందువెట్టిందా?" అని నవ్వాడట.