పాప ఫారంలో పంతొమ్మిది బీళ్లు

ఓబుళేసు కంట ఖాళీ గడి పడకూడదు. ఏ ఫారంలోనైనా సరే, నాలుగు గీతల మధ్య తెల్లటి చోటు కనిపించిందంటే చెవి మీది పెన్సిలు దానంతటదే చేతిలోకి వచ్చేస్తుంది. 'వర్తించదు' అన్న మాట ఆయనకు బూతుతో సమానం.

"వాన ఇయ్యకుండా నా నాలుగెకరాలు బీడు పెట్టినాడు దేవుడు. అది ఆయన పని. కాయితం మీద గూడా బీడు పెట్టేదానికి నాకేం రోగం?" అంటాడు.

పామిడిలో శశికుమార్ జిరాక్సు అంగడి ముందున్న బల్లే, ఊరివాళ్లకు ఫారాలు నింపిపెట్టే ఆయన కచేరి. ఒకసారి గంగక్క గ్యాసు ఫారంలో 'ఫ్యాక్స్ నంబరు' అన్న గడి కనిపించింది. ఓబుళేసు బస్సెక్కి అనంతపురం పోయి, ఎప్పుడో మూతపడిన నూనెమిల్లు బోర్డు మీది నంబరు రాసుకొచ్చాడు. పంట బీమా ఫారంలో 'నష్టానికి కారణం' అన్న చోటు అంగుళమే. ఆయన మబ్బు గురించి, ఆ మబ్బును తరిమిన గాలి గురించి మొదలుపెట్టి, మార్జిను ఎక్కి, పేజీ వెనక్కి తిరిగి, చివరి వాక్యం సంతకం కింద ముగించాడు.

అలాంటి మనిషి చేతిలో త్రివేణి కూతురి వీసా ఫారం పడింది.

త్రివేణి నేలల శాస్త్రం చదివింది. ఎర్రనేలలో తేమ ఎన్నాళ్లు నిలుస్తుందో ఆరేళ్లు కొలిచి వ్యాసం రాస్తే, స్పెయిన్‌లో సదస్సుకు వచ్చి చదవమని పిలుపు వచ్చింది. వారం రోజులు. పాప ఆశ్రితకు పది నెలలు, ఇంకా పాలు మానలేదు. భర్త వంశీ సైన్యంలో, సరిహద్దు దగ్గర. పాపకు వీసా రాకపోతే తల్లీ పోదు. వ్యాసం ఇంకెవరో చదువుతారు. అసలే త్రివేణి, పాప తుమ్మితే టైము రాసిపెట్టుకునే మనిషి. ఇది చాలదన్నట్టు, "నీకా అన్నదమ్ములు లేకపాయె, బిడ్డకు చెవులు ఎవరి ఒళ్లో కూచోబెట్టి కుట్టించేది?" అని వాళ్లమ్మ భద్రమ్మ రోజూ ఒక పాట.

తన ఫారం త్రివేణి తనే నింపుకుంది. పాప ఫారం మాత్రం ముందు పెన్సిలుతో రాసి, జిరాక్సు తీయిద్దామని అంగడికి తెచ్చింది. ఓబుళేసు లెక్కపెట్టాడు.

"పంతొమ్మిది బీళ్లు," అన్నాడు, ఎవరో పోయినట్టు.

"అన్నా, అది పది నెల్ల బిడ్డ. 'వృత్తి' అంటే ఏం రాయాల?"

"దినమంతా ఏం చేస్తాది?"

"పాకుతాది."

"మరదే." రబ్బరు తీశాడు. "'ఇతర పేర్లు' కాడ గూడా ఏమీ లేదని రాసినావే. మీయమ్మ ఏమని పిలుస్తాది?"

"చిట్టి."

"ఎదురింటి సుంకమ్మ?"

త్రివేణి పాప తల నిమిరింది. "గుండు."

"చూడు. రెండు పేర్లు మింగేసినావు. గుర్తులేమన్నా ఉండాయా? ఆఁ, ఎడమ చెంప మీద నల్లచుక్క."

"అది దిష్టిచుక్క అన్నా. తుడిస్తే పోతాది."

"'తుడిస్తే పోవును' అని రాస్తే సరి."

ఇంతలో ఆయన ఫోను మోగింది. "ఆఁ, గార్డియన్నే మాట్లాడతాండా. జొరం ఎంతుండాది? రెండు గంటల బస్సుకు వస్తా." ఫోను పెట్టేసి మళ్లీ రబ్బరు అందుకున్నాడు. ఓబుళేసుకు పెళ్లే కాలేదు, పిల్లలెక్కడివి? అడుగుదామనుకునేలోగా పాప ఏడుపు మొదలుపెట్టింది. త్రివేణి పాలివ్వడానికి అంగడి లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి కవరు అంటించి ఉంది.

"బెంగుళూరు బస్సు వచ్చె, పోమ్మా," అని ఓబుళేసు సంచి అందించాడు.

మర్నాడు బెంగుళూరులో వీసా కౌంటరు దగ్గర కవరు విప్పాకే ఆమె చూసింది. అంతా పెన్నుతో, పెద్దక్షరాల్లో. ఒక్క గడి ఖాళీ లేదు. కౌంటరులోని అమ్మాయి కాగితం చదివింది. తలెత్తి పాప చెంప చూసింది. మళ్లీ కాగితం చూసింది. ముద్ర వేసి తీసుకుంది.

ఆ తర్వాత పది రోజులు త్రివేణికి ఏ పనిచేస్తున్నా 'తుడిస్తే పోవును' అన్న మాటే కళ్ల ముందు ఆడింది. పదకొండో రోజు శశికుమార్ ఫోను చేశాడు. "అక్కా, వీసా ఆఫీసోళ్లు ఓబుళేసన్నకు ఫోన్ చేసినారు. అర్ధగంట నుంచి మాట్లాడతానే ఉండాడు."

పాపను చంకనేసుకుని అంగడికి పరుగెత్తింది. ఓబుళేసు సగం కన్నడం, సగం తెలుగులో చెబుతున్నాడు.

"లేదు సార్, వాళ్లు ఆడ నిలిచిపోయేటోళ్లు కాదు. వచ్చే నెల పద్నాలుగుకు బిడ్డకు చెవులు కుట్టాల... ఆఁ, మేనమామ ఒళ్లోనే. మేనమామ యాడుండాడా? మీతో మాట్లాడేది ఎవరనుకుంటిరి?... పోగులు గూడా చేయించినా సార్. జిరాక్సు తీసి పంపాల్నా?"

ఫోను పెట్టాక త్రివేణి అడిగింది. "అన్నా, ఫారంలో మేనమామ అని రాసినావా?"

"'ఊర్లో తెలిసిన మనిషి, సంబంధం' అని గడి ఉండె. ఖాళీగా ఉండె." ఆయన పెన్సిలు చెక్కుతూ తలెత్తలేదు.

శశికుమార్ నవ్వాడు. "నీకు తెలీదా అక్కా? నాయన లేని పిల్లోళ్ల హాస్టలు ఫారాల్లో గార్డియను గూడా ఈయనే. పదకొండు మంది. చిలమత్తూరు దాకా ఉండారు."

"ఖాళీ పెడితే ఫారం వాపసు చేస్తారప్పా," అన్నాడు ఓబుళేసు చిరాగ్గా.

వారానికి వీసాలు వచ్చాయి. పాప పాస్‌పోర్టును త్రివేణి ముందుగా మేనమామ చేతిలోనే పెట్టింది. ఆయన వీసా అంటించిన పేజీని తృప్తిగా తడిమాడు. తర్వాతి పేజీ తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. చివరిదాకా తిప్పి, మెల్లగా చెవి మీదికి చెయ్యి పోనిచ్చాడు.

త్రివేణి గబుక్కున పాస్‌పోర్టు లాగేసుకుంది.

"ఇన్ని బీళ్లు పెట్టుకోని నీకు నిద్రెట్ల పడతాదమ్మా?" అన్నాడు ఓబుళేసు దిగులుగా.