రెండో పేకకట్ట

మొన్న సెలవులకు సూర్యాపేటలోని మా ఇంటికి వచ్చిన మేనకోడలు ఒక పేకాట డబ్బా విప్పింది. అందులో ఆడేవాళ్ళంతా ఒకే పక్షమై ఆటను గెలవాలట. అది పాతబడిందని అదనపు ముక్కలు కొని కలిపితే ఇప్పుడు అదొక కొత్త ఆటైపోయిందని ఆ పిల్ల చెబుతుంటే, ముక్కలు పెరిగినకొద్దీ ఆట ఎంత మారుతుందో నేను మిర్యాలగూడలో ఎప్పుడో చూశాను గదా అనుకున్నాను.

2003లో అక్కడ ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరి పెద్దమ్మ ఇంట్లో ఉన్నాను. ఇంటికి వాకిలి ఒకటే, వంటిళ్ళు రెండు. రెండో వంటింట్లో పెద్దమ్మ తోడికోడలు, అంటే నేను చిన్నమ్మ అని పిలిచే ఆమె, వండుకునేది. పెన్‌పహాడ్ పొలం పంచుకున్నప్పుడు బావి ఎవరి వాటాలోకి రావాలన్న దగ్గర తగాదా వచ్చి, అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. తీరిక దొరికితే పెద్దమ్మ అరుగు మీద చాప పరుచుకుని, పోయిన పెద్దనాన్న నేర్పిన పేక ఒక్కతే ఆడుకునేది. ఎర్ర ఎనిమిది మీద నల్ల ఏడు, దాని మీద ఎర్ర ఆరు, అలా పేర్చుకుంటూ పోయి చివరికి ఏ రకానికి ఆ రకం ఆసు నుంచి రాజు దాకా విడదీయాలి. గెలిచినా ఓడినా ఆమె ముఖంలో తేడా కనిపించేది కాదు.

ముక్కలు నలిగిపోయాయని నేనొక కొత్త కట్ట తెచ్చిస్తే, పాతది పారేయబుద్ధి కాక రెండూ కలిపేసింది. దాంతో ఆట చాపంతా పరుచుకుంది. మోకాళ్ళ నొప్పులతో అవతలి వరుసలు ఆమెకు అందలేదు. వాకిట్లో మిరపకాయలు ఎండబెడుతున్న చిన్నమ్మ కాసేపు చూసి, వచ్చి చాపకు అటువైపు కూర్చుని, అడగకుండానే ఒక ముక్క జరిపింది.

“గది కాదు, పక్కది,” అంది పెద్దమ్మ తలెత్తకుండా.

ఎన్నో ఏళ్ళకు వాళ్ళ మధ్య పలికిన మొదటి మాట అది. రెండు కట్టల ఆట కష్టమైనది. ఒకరికి తోచని ఎత్తు ఇంకొకరికి తోచేది. ముక్కల గురించి మొదలైన మాటలు కూరల మీదికి, పిల్లల చదువుల మీదికి మళ్ళాయి గాని, బావి సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఓడీ ఓడీ విసిగి, చిన్నమ్మ జోకర్లు కూడా కలుపుదామంది. జోకరును ఏ ముక్కకు బదులైనా పెట్టుకోవచ్చు కాబట్టి ఇక రోజూ గెలుపే. పెద్దమ్మకు అది నచ్చలేదు.

“గిట్ల గెలుసుడు గూడ గెలుసుడేనా? నీకు ముందుసంది అన్నీ అల్కగనే కావాలె.”

“ఏం అల్కగ వచ్చింది నాకు? బాయి వచ్చిందా?” అంటూ చిన్నమ్మ లేచి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళు చాప పరవలేదు. చివరికి పెద్దమ్మే మోకాళ్ళు పట్టుకుని నడుస్తూ రెండో వంటింటి గడప దాకా వెళ్ళి, “ఒక్క జోకరు ఉంచుదం. ఇద్దరం ఒప్పుకుంటేనే పెడదం. రా,” అంది. చిన్నమ్మ వచ్చింది. ఆ ఒక్క జోకరు పెట్టాలా వద్దా అని చాయ్ చల్లారేదాకా వాదించుకునేవాళ్ళు.

నాకు పెళ్ళై సూర్యాపేట వచ్చేశాను. 2012లో చిన్నమ్మ కొడుకు ఉద్యోగం కోసం కోదాడ పోతూ తల్లినీ తీసుకెళ్ళాడు. ఆ తర్వాత నేను చూడబోయినప్పుడు పెద్దమ్మ రెండు కట్టలూ పరిచి, అందని ముక్కలు నాతో జరిపించుకుంటూ, ఆట ఆగినచోట కోదాడకు ఫోను చేసింది.

“జోకరు పెట్టాల్నా, ఒద్దా?”

“పెట్టుకో అక్కా,” అని అటునుంచి వెంటనే జవాబు వచ్చింది.

పెద్దమ్మ జోకరు పెట్టకుండానే ముక్కలన్నీ దగ్గరకు లాగేసింది. “సూడకుంటనే ఒప్పుకుంటున్నది,” అంది నాతో.

వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. మా బంధువులందరం ఫోన్లలో రోజూ పలకరించుకుంటాం, ఎవరు ఏమన్నా వెంటనే సరే అంటాం. మా వాళ్ళలో పోట్లాటలు లేక చాలా కాలమైంది.