ఒంటెలో తోడికోడళ్ళు

మూడు నెలలుగా నేనూ మా తోడికోడలూ మాట్లాడుకోవడం లేదు. తూంకుంటలో ఒకటే ఇల్లు, కింద మేము, పైన వాళ్ళు. చర్చిలో నేను పాడుతుంటే "అక్క పాట ఇంటే బర్రె గూడ పాలియ్యది" అని ఆమె ఎవరితోనో అందట. అది నా చెవిన పడింది. నేను అరవలేదు, గొడవ పడలేదు. ఎదురైతే తల తిప్పుకునేదాన్ని. మా ఇల్లెంత ప్రశాంతంగా ఉందో అని లోలోపల గర్వపడేదాన్ని కూడా.

క్రిస్మస్ ముందు ఆదివారం మధ్యాహ్నం, శామీర్‌పేటలో మా చిన్న చర్చిలో నాటకం. జ్ఞానుల వెంట వచ్చే ఒంటెలో దూరాల్సిన ఇద్దరమ్మాయిలకూ జ్వరం. పాస్టరమ్మ గోధుమరంగు దుప్పటి పట్టుకుని అందర్నీ ఎగాదిగా చూసి, మా ఇద్దర్నీ లాక్కెళ్ళింది.

"మీరిద్దరు ఒక్కతీరు ఎత్తున్నరు. జల్దీ దూరుండ్రి."

"ఈమెతోనా?" అన్నాను.

"ఒంటె లేకుంటే జ్ఞానులు నడిసొస్తరా ఏంది? ఇగ పోండ్రి!"

నేను ముందుకాళ్ళు, ఆమె వెనకకాళ్ళు. వంగి నా నడుం పట్టుకుంది. దుప్పటి కప్పేశారు. నేను కుడికాలు వేస్తే ఆమె ఎడమకాలు వేసింది. ఒంటె మధ్యకి విరిగినట్టయింది. జనం ఘొల్లుమన్నారు.

ఇక మాట్లాడక తప్పలేదు. "కుడి" అని గొణిగాను.

"ఎవల కుడి?"

"నీకెన్ని కుడికాళ్ళున్నయే?"

అంతే. నా వీపుకు ఆనిన ఆమె తల అదరడం మొదలుపెట్టింది. కిసుక్కుమన్న చప్పుడు. దాని వెంటే నాకూ నవ్వొచ్చేసింది. పశువుల తొట్టి దగ్గరికి చేరేసరికి ఒంటె మోకాళ్ళ మీద కూలబడి, పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతోంది. బొమ్మ యేసును ఎత్తుకున్న మరియ కూడా నవ్వాపుకోలేకపోతోంది. దేవదూత వేషమేసిన పిల్ల మాత్రం పట్టు విడవకుండా, భూమ్మీద సమాధానం కలగాలని గొంతు చించుకుంటోంది. మా బైబిల్ తెలుగులో శాంతిని సమాధానమనే అంటారు.

"అక్కా, గా బర్రె మాట తప్పయింది. మాఫ్ జెయ్యి" అంది ఆమె, ఎగశ్వాస మధ్య.

"నేను గూడ మొఖం దిప్పుకున్న గదనే చెల్లె."

నవ్వు నీళ్ళో ఏడుపు నీళ్ళో, దుప్పటితోనే తుడుచుకున్నాం. దేవుడే ముందుగా మనుషుల దగ్గరికి దిగివచ్చిన పండగ ఇది. నేనేమో మూడు నెలల్లో మా ఇంటి మెట్లు ఎక్కలేకపోయాను. నోరు మూసుకోవడాన్నే సమాధానం అనుకున్నాను.

సాయంత్రం ఆమె స్కూటీ మీదే ఇద్దరం ఇంటికొచ్చాం. పండగ సామాను కోసం మేడ్చల్ వెళ్ళి, నాటకం చూడని అన్నదమ్ములిద్దరూ గేటు దగ్గర బిత్తరపోయారు.

"ఏందే, మీరిద్దరు మాట్లాడుకుంటున్రా?" అన్నాడు మా ఆయన.

"జర ఆగుండ్రి, మా ముచ్చట ఇంకా అయిపోలే" అంటూ ఆమె చెప్పులు విడిచి నేరుగా మా వంటింట్లోకి నడిచింది.