పొందూరు ఖద్దరు తాను మీద డ్రోన్ ఎగరేస్తే

డ్రోన్ కొని ఆరు నెలలైనా దాని బుద్ధి నాకు అంతుపట్టలేదు. తెల్లనిది ఏది తీసినా సున్నం కొట్టినట్టు వచ్చేది. భోగాపురం తీరంలో అలల నురగ మీద సాధన చేద్దామనుకుంటే, విమానాశ్రయం దగ్గర అనుమతి లేకుండా ఎగరేయకూడదన్నారు. ఖద్దరును మించిన తెలుపేముందని విజయనగరంలో ఉదయం పాసింజరు ఎక్కాను. గంట పైచిలుకు ప్రయాణం. పొందూరు స్టేషన్ నుంచి ఊళ్లోకి షేర్ ఆటోకి ఇరవై రూపాయలు తీసుకున్నారు. "పెట్టెలో ఏటున్నాది బాబూ?" అన్నాడు డ్రైవరు. డ్రోన్ అన్నాను. "పెళ్లెవరిది?" అన్నాడు.

నేను ముందుగా మాట్లాడుకున్న నేతగాడు అప్పారావు. వాళ్లింట్లో అతని అక్క పైడమ్మ కాలికి కట్టుతో మంచం మీద కూర్చుని, వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతోంది. నలభై ఏళ్లుగా ఆమె నూలు వడుకుతోంది. ఆ నూలు ఏ గుడ్డలో కలిసిందో ఆమెకెప్పుడూ తెలియదు. ఈసారి అచ్చంగా ఆమె నూలుతోనే తమ్ముడు ఒక తాను నేసి, ఉతికి, ఊరి చివర పొలంలో ఆరేశాడు. సాయంత్రానికి అది ఖాదీ కొట్టుకు వెళ్లిపోతుంది.

"సెయ్యి వణుకుతన్నాది బాబూ," అంది పైడమ్మ. "నూలు లావుగా వస్తందేటిరా అంటే, బాగున్నాదంటాడు ఈడు. పొలందాకా నాను నడవనేను, నువ్వు తీసి సూపించు. బాగుంటే వడుకుతాను, నేదంటే మానేస్తాను."

పన్నెండింటికి ఎగరేశాను. నేలంతా నల్లరేగడి కావడంతో, ఆటో మోడ్‌లో ఉన్న కెమెరా ఆ నలుపుకు తగ్గట్టు వెలుగు పెంచేసింది. తాను కాస్తా వట్టి తెల్లచార అయింది. వెలుగును పెంచే ఐఎస్ఓను వందకు దించాను, వైట్ బ్యాలెన్స్ మార్చాను, ఏది ఎందుకు మారుస్తున్నానో నాకే తెలియకుండా అన్నీ తిప్పాను. విచిత్రం ఏమిటంటే, ఏమీ కనబడని వీడియో చూసి అప్పారావు సంతోషించాడు. డ్రోన్‌ను కిందికి దించితే మాత్రం, "మరీ అంత దగ్గిరెందుకు బాబూ, పైనుంచే తియ్యండి," అన్నాడు. నాకు బుర్ర తిరిగిపోయింది.

ఎనభై రూపాయల భోజనం పెట్టిన మెస్సులో వంటామెతో ఈ గోడు చెప్పుకున్నాను. వాళ్లాయనా నేతగాడే. "మిట్ట మజ్జానం గుడ్డలో ఏటి కనపడతాది? ఎండ వాలినాక పక్కనుంచి సూడాలి. నేతలో తప్పులు అప్పుడే ఎతుకుతారు," అంది.

నాలుగున్నరకి డ్రోన్‌ను తాను పక్కకి దించి, ఆటో మోడ్ ఆపేసి, ఐఎస్ఓ వంద దగ్గరే ఉంచి, తెలుపులో పోగులు కనిపించేదాకా షటర్ వేగం పెంచి వెలుగు తగ్గించాను. నా జన్మలో అంత స్పష్టమైన వీడియో తీయలేదు. తాను చివర రెండు గజాల మేర పోగులు లావుగా, ఎగుడుదిగుడుగా ఉన్నాయి. అప్పారావు నా చెయ్యి పట్టుకున్నాడు. "మజ్జానంది సూపించండి బాబూ. వడకడం మానేస్తే మా అక్క బతకదు."

పిరికివాణ్ని, ఇంటికెళ్లి ఫోనులో మధ్యాహ్నందే చూపించాను. పైడమ్మ ఫోను తిరిగి ఇచ్చేసింది. "ఇది సున్నం గోడ బాబూ. గుడ్డ సూపించు."

రెండోది చూపించాను. ఆమె వేలు సరిగ్గా చివర ఆగింది. "లావు నూలంతా ఒక్కకాడే ఏసినావేటిరా?"

"ఆ ముక్క కొట్టుకియ్యను. కోసి నానే ఉంచుకుంటాను," అన్నాడు అప్పారావు, నేల చూపులు చూస్తూ.

ఆమె ఒళ్లోని పత్తి పక్కన పెట్టింది. తర్వాత దవడ ఎముకను గుడ్డలో చుట్టి తమ్ముడి చేతికిచ్చింది. "మంచి పని సేసినావు బాబూ," అంది నాతో.

మంచి పనో కాదో నాకిప్పటికీ అర్థం కావడం లేదు. స్పష్టత కోసమే వెళ్లాను, దొరికింది, దాంతో ఒక మనిషి నలభై ఏళ్ల పని ఆగిపోయింది. అయినా అడిగిన మనిషికి అబద్ధం ఎలా చూపించను? మీరు వెళ్తే తెల్ల బట్టను సాయంత్రం నాలుగు దాటాకే తీయండి, కెమెరాలోకి వచ్చే వెలుగును, అంటే ఎక్స్‌పోజర్‌ను, నేలను బట్టి కాక బట్టను బట్టి పెట్టుకోండి. తిరుగు బండికి అప్పారావే నన్ను మోటారు సైకిలు మీద స్టేషన్‌లో దింపాడు. గుడ్డలో చుట్టిన దవడ ఎముక అతని చొక్కా జేబులోనే ఉంది.