చాపిన రెండు వేళ్లు

సిరిసిల్లలో కండరాల జబ్బు ఉన్నవాళ్లను పరీక్షించే డాక్టర్ తాజుద్దీన్, పొట్టిగా గోళ్లు తీసుకున్న రెండు వేళ్లు చాపి గట్టిగా ఒత్తమంటాడు. రోగి ఎంత మెల్లగా ఒత్తినా ముఖం చిట్లించి "అబ్బా" అంటాడు. వెంట వచ్చినవాళ్ల ప్రాణం కుదుటపడుతుంది. తెలంగాణ బంద్ రోజు ఆటోలు లేక, నిరుటిదాకా మగ్గం నడిపిన కనకయ్యను భార్య లచ్చవ్వ తోపుడు బండి మీద తీసుకొచ్చింది. రోడ్డు మీద బైఠాయించినవాళ్లు లేచి దారిచ్చారు.

"ఒత్తు కనకన్నా," అని వేళ్లు చాపిన తాజుద్దీన్ లచ్చవ్వ ముఖం చూసి, అలవాటుగా "అబ్బా! ఇరుగుతయే!" అన్నాడు. ఆమె నవ్వింది.

"నేనింకా ఒత్తనే లేదు సార్," అన్నాడు కనకయ్య.

తాజుద్దీన్ వేళ్లు వెనక్కి తీసుకోలేదు. కనకయ్య పళ్లు బిగించాడు, నుదుటి మీద నరం ఉబ్బింది.

"ఇగో, ఇప్పుడు ఒత్తుతున్న. తెలుస్తుందా సార్?"

తాజుద్దీన్ తన వేళ్లవైపు చూశాడు, కనకయ్య చెయ్యి వాటి మీద ఊరికే ఆని ఉంది.